పాత హైబ్రిడ్ కారుకు బ్యాటరీ పరీక్ష తప్పనిసరి చేయండి

నార్త్ కరోలినా శాసనసభ్యులకు,

మోరిస్‌విల్‌లో పాత హైబ్రిడ్ కారు కొనేటప్పుడు టైర్లు, ఇంజిన్ చూస్తాం. బ్యాటరీ మాత్రం కంటికి కనబడదు. నా 2010 టయోటా ప్రియస్‌లో బ్యాటరీకి గాలి అందించే, వెనక సీటు పక్కనున్న జాలీ విప్పితే దుమ్ము, వెంట్రుకలు మందంగా పేరుకుపోయి ఉన్నాయి. గాలి ఆడకపోతే బ్యాటరీ వేడెక్కి, ఆయుష్షు తరిగిపోతుంది. అందులోని 28 మాడ్యూళ్లలో ఒక్కటి పాడైనా కారు మూలన పడవచ్చు. కొత్త బ్యాటరీ వేయించాలంటే వేల డాలర్లు.

2020 మోడల్ నుంచి టయోటా హైబ్రిడ్ బ్యాటరీకి 10 ఏళ్లు లేదా 1,50,000 మైళ్ల వారంటీ ఇస్తోంది. సామాన్యులు కొనేది మాత్రం వారంటీ దాటిన కార్లనే.

అందుకే డీలర్లు అమ్మే ప్రతి పాత హైబ్రిడ్‌కూ బ్యాటరీ పరీక్ష ఫలితాన్ని రాతపూర్వకంగా ఇచ్చేలా చట్టం తీసుకురండి. కష్టార్జితంతో కొనేవారికి ఆ ఒక్క కాగితమే రక్ష.

ఇట్లు,
మోరిస్‌విల్ తెలుగు నివాసి