అణువుల నడుమ ఏమున్నది?

తెలుగు ఉపన్యాసకుడు రసాయనశాస్త్రాన్ని గూర్చి వ్రాయుటేమని పాఠకులు ఆశ్చర్యపడవచ్చును. ఇందుకు కారణం నేను చేసిన ఒక పొరపాటు.

ఇంటర్మీడియట్ తరగతిలో సమాసాలు బోధిస్తున్న వేళ ఒక విద్యార్థి లేచి, "సార్, అంతరణుక బలాలు అనగా అణువు లోపలి బలాలేనా?" అని అడిగినాడు. నేను ఒక్క క్షణమైనా ఆలోచింపక, "అంతర్ అనగా లోపల, కనుక అణువు లోపలివే" అని చెప్పి పాఠం సాగించినాను. తరువాత జరిగిన పరీక్షలో అతడు, నీరు మరిగినపుడు హైడ్రోజన్, ఆక్సిజన్ విడిపోవునని వ్రాసినాడు. రసాయనశాస్త్రం బోధించే మిత్రులు ఆ పత్రాన్ని నాకు చూపి నవ్వినారు. నాకు నవ్వు రాలేదు. మార్కులు పోయినవి ఆ పిల్లవానికి, తప్పు నాది.

మన భాషలో "అంతర్" అనే మాటకు లోపల అనీ, నడుమ అనీ రెండర్థాలూ చెల్లుతున్నవి. అంతరాత్మ లోపలిది, అంతర్జాతీయ వ్యవహారం జాతుల నడిమిది. ఉర్దూ మాధ్యమంలో చదివే విద్యార్థికి ఈ చిక్కు లేదు. అణువును సాలిమా అనే ఆ భాషలో, అణువుల నడిమి బలాలను చెప్పునపుడు ముందు "బైన్" అనే మాట చేరును. బైన్ అనగా నడుమ అనియే అర్థం. మనం కూడా ఆ సమాసానికి "అణువుల నడుమ గల బలాలు" అని విగ్రహవాక్యం చెప్పించి ఉంటే, ఆ విద్యార్థి తప్పిపోయేవాడు కాడు. విగ్రహవాక్యం చెప్పలేని పారిభాషిక పదాన్ని విద్యార్థిచేత కంఠస్థం చేయించుట విద్య కాదని నా దృఢాభిప్రాయం.

ఈ భేదం మాటలకు మాత్రమే పరిమితమైనది కాదు. 18 గ్రాముల నీటిని 100 డిగ్రీల వద్ద ఆవిరిగా మార్చుటకు సుమారు 41 కిలోజౌళ్ళ శక్తి చాలును. అదే నీటిలోని ప్రతి అణువునూ పరమాణువులుగా విడగొట్టవలెనన్న 900 కిలోజౌళ్ళకు పైగా కావలెను. మన వంటింటి పొయ్యి అణువులను ఒకదానినుండి మరొకదానిని దూరం చేయుచున్నదే గాని, అణువును చీల్చుట లేదు. సమాసంలోని పదాల పొత్తు వేరు, వాక్యంలో పదాల అన్వయం వేరు. వాక్యం చెదరినను సమాసం చెదరదు.

ఇక ఒక పదార్థంలో ఏ బలమున్నదో గుర్తించుట ఎట్లు? మిత్రుల వద్ద నేను శ్రద్ధగా నేర్చుకొనిన క్రమమిది. మొదట, ఆ పదార్థంలో ఉన్నవి అణువులా, అయాన్లా అని అడుగవలెను. ఉప్పులో విడి అణువులే లేవు. అయాన్ల గట్టి ఆకర్షణ వలన అది 801 డిగ్రీల వరకు కరగదు. అణువులే అయినచో, అణువు మొత్తం మీద ధ్రువత్వం కలదా అని అడుగవలెను. ఇచ్చట ఆకృతిని చూడక తప్పదు. కార్బన్ టెట్రాక్లోరైడులో నాలుగు బంధాలూ ధ్రువబంధాలే. అయినను సౌష్ఠవం వలన అవి ఒకదానినొకటి రద్దుచేసుకొనును. క్లోరోఫారంలో అట్లు రద్దుకావు. కావున దానియందు ద్విధ్రువాల ఆకర్షణ ఉన్నది.

పిమ్మట, నైట్రోజన్, ఆక్సిజన్, ఫ్లోరిన్‌లలో ఒకదానితో నేరుగా బంధం గల హైడ్రోజన్ ఉన్నదా అని చూడవలెను. నేరుగా అనే మాట ముఖ్యం. ఇథైల్ ఆల్కహాలు, డైమిథైల్ ఈథర్ రెండింటిలోనూ ఉన్నవి అవే పరమాణువులు, అదే సంఖ్యలో. ఆల్కహాలులో ఒక హైడ్రోజన్ ఆక్సిజన్‌ను అంటి ఉన్నది. ఈథర్‌లో హైడ్రోజన్‌లన్నీ కార్బన్‌నే అంటి ఉన్నవి. మొదటిది 78 డిగ్రీల వద్ద మరుగును. రెండవది సున్నాకు 24 డిగ్రీల దిగువననే మరుగును. హైడ్రోజన్ బంధం అనగా ఏమో ఈ రెండు అంకెలు చెప్పినట్లు నిర్వచనం చెప్పజాలదు.

చిట్టచివర, ఏ అణువునకైనను తప్పనిది విక్షేపణ బలం. ఎలక్ట్రాన్ల క్షణిక చలనం వలన పుట్టే ఈ ఆకర్షణను 1930లో ఫ్రిట్జ్ లండన్ వివరించినాడు. వాయువుల అణువుల నడుమ ఆకర్షణ కలదని వాన్ డెర్ వాల్స్ 1873లోనే చూపినాడు. ధ్రువత్వమే లేని అణువులు ఏల ఆకర్షించుకొనునో తేలుటకు అర్ధ శతాబ్ది పైగా పట్టినది.

మన తరగతి గదులపై నా అసలు ఆక్షేపణ ఇక్కడనే ఉన్నది. హైడ్రోజన్ బంధం అన్నింటికన్న బలమైనది, విక్షేపణ బలం అన్నింటికన్న బలహీనమైనది అని ఒక నిచ్చెన గీసి, దానిని ఒప్పజెప్పించుచున్నాము. ఒకే పరిమాణం గల అణువులను పోల్చునపుడు ఆ నిచ్చెన ఉపకరించును. కాని హైడ్రోజన్ ఫ్లోరైడ్ హైడ్రోజన్ బంధం ఉండికూడ 20 డిగ్రీల లోపుననే మరుగును. విక్షేపణ బలం తప్ప మరేదియు లేని అయోడిన్ మాత్రం ఘనపదార్థం. 114 డిగ్రీల దాకా కరగనైనా కరగదు. మొదటి అణువులో ఉన్నవి 10 ఎలక్ట్రాన్లు. అయోడిన్ అణువులో 106. అట్లే ధ్రువత్వం గల క్లోరోఫారం 61 డిగ్రీల వద్ద మరుగగా, ధ్రువత్వం లేని కార్బన్ టెట్రాక్లోరైడ్ 77 డిగ్రీల దాకా ఆగును. బలహీనమని పేరు పెట్టినంత మాత్రాన ఏదియు బలహీనం కాదు. ఎన్ని చేతులు కలిసినవో కూడ లెక్కింపవలెను.

నమ్మకం కుదరనివారు చార్మినార్ చెంతనున్న ఏ అత్తరు దుకాణమునకైనను వెళ్ళి చూడవచ్చును. ఒక చేతిపై స్పిరిట్ చుక్క, మరొక చేతిపై మంచి గంధపు తైలం చుక్క వేసికొనుడు. స్పిరిట్ ఊది ఆరేలోగా మాయమగును. గంధం సాయంత్రం దాకా చేతిని విడువదు. స్పిరిట్‌లోని ఆల్కహాలులోనూ, గంధంలోని సాంటలాల్‌లోనూ ఆక్సిజన్‌నంటిన హైడ్రోజన్ ఒక్కటే. అయితే మొదటిదానిలో రెండు కార్బన్‌లు, రెండవదానిలో పదిహేను. ఆ పదిహేనింటి మేనికంతటికీ గల విక్షేపణ బలమే పరిమళాన్ని ప్రధానంగా పట్టి నిలుపుచున్నది. "బలహీన" బలం పేరిట ఇంత వ్యాపారం సాగుచున్నదని మన పట్టికలు చెప్పవు.

పరీక్షకు పట్టిక చాలును గదా, ఈ విచారమంతయు ఎందుకని కొందరు అనవచ్చును. మార్కులు అక్కరలేదని నేననను; మన పిల్లలకు అవి ఎంతో అవసరం. కాని పట్టికను నమ్మినవాడు పట్టికలో లేని పదార్థం ఎదురైనపుడు నిలువునా ఆగిపోవును. ప్రశ్నల క్రమం తెలిసినవాడు ఏ పదార్థాన్నైనను ధైర్యంగా పలుకరింపగలడు.

ఆ విద్యార్థిని మరునాడు పిలిచి, నా తప్పును తరగతిలోనే ఒప్పుకొన్నాను. అతడు కొంతసేపు మౌనంగా ఉండి, "అయితే సార్, నీటి ఆవిరి కూడ నీరే కదా!" అన్నాడు. ఆ ఒక్క మాటలో అతనికి పాఠమంతయు పట్టుబడినది. ప్రియ విద్యార్థులారా, ఏ శాస్త్రపదం ఎదురైనను దాని విగ్రహవాక్యం అడుగుడు. మేము చెప్పలేకపోయినచో మరల అడుగుడు. అడుగుట మీ హక్కు. తెలియనపుడు తెలియదని చెప్పి, తెలిసికొని వచ్చి చెప్పుట మా విధి.