వ్యవసాయ చదువుకు ఎకరం హద్దు

పదో తరగతి ఫలితాలు రాగానే ఏ గ్రూపు తీసుకోవాలి, ఏ ఉద్యోగం వస్తుంది అని పత్రికల నిండా సలహాలే. పిల్లవాడి అభిరుచి చూడండి అంటారు. మంచి మాటే. కాని వ్యవసాయ కార్మికుని ఇంట్లో ఈ సంగతి ఎట్లా తేలుతున్నది? దగ్గర్లో ఏ కాలేజీ ఉంది, బస్సు వస్తుందా, హాస్టల్లో సీటు దొరుకుతుందా, వీటిని బట్టే తేలుతున్నది. అభిరుచి అడిగే నాథుడు లేడు.

వ్యవసాయ చదువునే తీసుకుందాం. నాటేసేదీ, కలుపు తీసేదీ, మందు కొట్టేదీ మనవాళ్లు. ఆ పైరు శాస్త్రం నేర్పేది నాలుగేళ్ల బీఎస్సీ వ్యవసాయ కోర్సు. తెలంగాణలో ప్రొఫెసర్ జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం ఇందులో 40 శాతం సీట్లు రైతు కోటా కింద పెట్టింది. పల్లెలో నాలుగేళ్లు చదివి ఉండాలన్నారు, సరే. దానికి తోడు విద్యార్థి పేరనో, తల్లిదండ్రుల పేరనో కనీసం ఎకరం భూమి ఉండాలన్నారు! భూమి కౌలుకిచ్చి వడ్డీ వ్యాపారం చేసుకునే ఆసామి కొడుకు రైతుబిడ్డ అయ్యాడు. అదే పొలంలో నడుం వంచి నాటేసే తల్లి బిడ్డ ఏమీ కాకుండా పోయింది. సేద్యం ఎవరిదో పట్టా పుస్తకమే తేల్చింది.

2025లో ఆ విశ్వవిద్యాలయమే వ్యవసాయ కూలీల పిల్లలకు 15 శాతం ప్రత్యేక కోటా ప్రకటించింది. దీన్ని తక్కువగా చూడరాదు. భూమి లేనివాడు కూడా సేద్యగాడేనని కాగితం మీద ఒప్పుకున్నట్టయింది. అయితే ఆ సీటు అడగాలంటే ఇంటర్‌లో బైపీసీ చదవాలి, ఎప్‌సెట్ రాయాలి. సైన్సుకు ఖర్చెక్కువ, ట్యూషన్ పెట్టించలేమని మన పిల్లలు, అందులోనూ ఆడపిల్లలు, సీఈసీలోనో హెచ్ఈసీలోనో చేరిపోతున్నారు. పదిహేనేళ్లకే ఆ తలుపు మూసుకుపోతున్నది. ఇక కోటా ఎవరికి?

2008లో ఫీజు రీయింబర్స్‌మెంటు విస్తరించాక పేదల పిల్లలు ఇంజనీరింగుకు పోయారు. అది మేలే. కాని సర్కారు బకాయి పెడుతుంది, కాలేజీ సర్టిఫికెట్లు ఆపుతుంది, తల్లి అప్పుకు పోతుంది. కంప్యూటరు తప్ప చదువే లేదన్నట్టు తరిమిన పెద్దలు అప్పుడు కనిపించరు.

పది కాగానే పాలీసెట్ రాసి రెండేళ్ల వ్యవసాయ డిప్లొమాలో చేరవచ్చు. ఆపైన అగ్రిసెట్ రాసి బీఎస్సీకి పోవచ్చు. ఈ దారి ఉందని మన వాడల్లో ఎందరికి చెప్పాం?

ప్రభుత్వ జూనియర్ కాలేజీల్లో సైన్సు అధ్యాపకులను నింపాలని, ఆడపిల్లలకు హాస్టళ్లు ఇవ్వాలని అడగాలి. కూలిరేట్ల సభల్లోనే ఈ విషయాలూ చదివి వినిపించాలి. కోటాకు కావలసిన కాగితాల కోసం కూలి పోగొట్టుకొని ఆఫీసుల చుట్టూ తిరగాల్సి వస్తే, ఆ తండ్రిని ఒంటరిగా పంపవద్దు, సంఘం వెంట పోవాలి.