ముందు అక్షరం, ఆపై అలంకారం

మస్జిద్ కమిటీలు, పాఠశాలలు, సంక్షేమ సంఘాలు నేడు సొంత వెబ్‌సైట్లు ఏర్పాటు చేసుకుంటున్నాయి. మొహల్లాలోని ఇంజనీరింగ్ విద్యార్థికి ఆ పనిని అప్పగించడం పరిపాటి అయింది. ఆ యువకులనూ, పని అప్పగించే పెద్దలనూ ఉద్దేశించి ఈ నెల నాలుగు మాటలు విన్నవించదలిచాము.

రమజాన్ మాసపు సహరీ, ఇఫ్తార్ వేళల పట్టికనే తీసుకుందాం. ముప్ఫై వరుసలకు మించని విషయం అది. అచ్చు వేస్తే ఒక చిన్న కాగితం చాలు. అయినా కొన్ని వెబ్‌సైట్లలో ఆ పట్టిక పేజీలో ఉండదు. పేజీ తెరుచుకున్నాక జావాస్క్రిప్ట్‌తో రాసిన ప్రోగ్రామ్ దానిని మరో చోటి నుంచి తెచ్చి చూపుతుంది. సిగ్నల్ సరిగా అందని ఊరిలో ఆ పని సగంలో ఆగిపోతుంది. తెరపై గుండ్రం తిరుగుతూనే ఉంటుంది. సహరీ వేళ ముగిసిపోతుంది.

వెబ్ పేజీకి మూడు పొరలు ఉంటాయి. విషయాన్ని హెచ్‌టీఎంఎల్ మోస్తుంది, రంగురూపాలను సీఎస్‌ఎస్ దిద్దుతుంది, కదలికలను జావాస్క్రిప్ట్ సమకూరుస్తుంది. వీటి స్వభావాలలో గొప్ప తేడా ఉంది. హెచ్‌టీఎంఎల్‌లో తెలియని గుర్తు ఎదురైతే బ్రౌజర్ దానిని పట్టించుకోక, లోపలి మాటలను చూపుతుంది. సీఎస్‌ఎస్‌లో అర్థంకాని ఆదేశాన్ని వదిలి తరువాతి దానికి వెళుతుంది. జావాస్క్రిప్ట్‌కు ఈ ఓర్పు లేదు. అర్థంకాని వ్యాకరణం ఒక్కచోట ఉన్నా ఆ ఫైలు మొత్తం నడవదు. కనుక అవసరమైన విషయాన్ని ఓర్పు గల పొరలోనే ఉంచి, మిగిలినవి దానిపై చేర్చాలి. 2003లో స్టీవ్ చాంపియన్, నిక్ ఫింక్ ఈ పద్ధతిని ‘ప్రోగ్రెసివ్ ఎన్‌హాన్స్‌మెంట్’ అనే పేరుతో ప్రతిపాదించారు. అంతవరకు సరికొత్త బ్రౌజర్ కోసం నిర్మించి, పాతవాటికి తరువాత అతుకులు వేయడం వాడుక.

అరబీ నేర్చినవారికి ఈ ఆలోచన కొత్త కాదు. జబర్, జేర్, పేష్ గుర్తులు లేకుండానే అరబీ పత్రికలు నేటికీ అచ్చవుతున్నాయి. భాష తెలిసినవారు చదువుకుంటున్నారు. ఆ గుర్తులకు నేటి రూపమిచ్చిన ఘనతను 8వ శతాబ్దపు పండితుడు ఖలీల్ బిన్ అహ్మద్‌కు ఆపాదిస్తారు. పిల్లలకు, కొత్తవారికి అవి గొప్ప సాయం. అయితే అవి చెరిగినా అక్షరం నిలిచే ఉంటుంది.

“అందరి ఫోన్లలోనూ జావాస్క్రిప్ట్ ఉంది కదా?” అని యువకులు అడుగుతారు. బ్రిటన్ ప్రభుత్వ డిజిటల్ విభాగం 2013లో తన వెబ్‌సైట్‌పై లెక్క తీసింది. 1.1 శాతం మందికి జావాస్క్రిప్ట్ సౌకర్యాలు అందలేదు. దానిని ఆపుకున్నవారు, అసలు లేనివారు కలిపి 0.2 శాతమే. మిగిలినవారి బ్రౌజర్లలో అది ఉంది, కాని ఏదో కారణం చేత పనిచేయలేదు.

ఉపకార వేతనపు దరఖాస్తు విషయంలో ఈ నష్టం మరీ తీవ్రం. గడువు చివరి రాత్రి ఒక తల్లి పాత ఫోన్‌లో వివరాలన్నీ నింపి బటన్ నొక్కుతుంది. అది నిజమైన ఫారం బటన్ కాక, జావాస్క్రిప్ట్ మీదే ఆధారపడిన రంగు పెట్టె అయితే, ప్రోగ్రామ్ అందనప్పుడు ఏమీ జరగదు. బిడ్డకు ఒక సంవత్సరపు సాయం పోతుంది. హెచ్‌టీఎంఎల్ ఫారం మాత్రం ఆ ప్రోగ్రామ్ సాయం లేకుండానే వివరాలను సర్వర్‌కు పంపగలదు. పొరపాట్లను వెంటనే చూపడం వంటి సౌకర్యాలను దానిపై జోడించుకోవచ్చు. సర్వర్ వద్ద పరిశీలన ఎలాగూ తప్పదు.

తెలుగు గురించి మరొక మాట. యూనికోడ్ తొలి కూర్పులోనే, 1991లో, మన లిపికి చోటు దక్కింది. అయినా చాలాకాలం అనేక తెలుగు సైట్లు సొంత ఫాంట్లను నమ్ముకొని, ఆ ఫాంట్ లేనివారికి పిచ్చి గీతల వంటి అక్షరాలు చూపాయి. ఇప్పుడు ఫ్లెక్సీ కోసం చేసిన బొమ్మనే ప్రకటనగా పెడుతున్నారు! చూపులేని సోదరునికి ఫోన్‌లోని టాక్‌బ్యాక్ మామూలు అక్షరాలను చదివి వినిపించినంత నమ్మకంగా బొమ్మను చదవలేదు.

వీడియో కాల్, కదిలే మ్యాప్ వంటివి జావాస్క్రిప్ట్ లేకుండా నడవవు. వాటి జోలికి మేము పోము. పట్టికలకు, ప్రకటనలకు, దరఖాస్తులకు ఆ నిర్బంధం లేదు. సైటు చేతికి అందినప్పుడు కమిటీ పెద్దలు ఆండ్రాయిడ్ ఫోన్‌లోని క్రోమ్‌లో సైట్ సెట్టింగులకు వెళ్లి, జావాస్క్రిప్ట్‌ను ఆపించి, ప్రతి పేజీనీ ఒకసారి తెరిచి చూడాలి. ఒక దరఖాస్తు నింపి పంపి, అది కార్యాలయానికి చేరిందో లేదో విచారించాలి. మిగిలిన సొమ్ము చెల్లింపు ఆ తరువాతే.