గుట్టే ఖిల్లా

ఎలగందుల ఖిల్లా ఎక్కాలంటే పొద్దున ఏడింటికల్లా అక్కడ ఉండాలి. తొమ్మిది దాటితే బండ కాలుతుంది, చెయ్యి ఆనదు. మొన్న ఆదివారం కింద మేకలు కాస్తున్న పెద్దాయన నన్ను ఆపి అడిగాడు: “పైన ఏమున్నదని పోతున్నవు సారూ, అన్నీ రాళ్లే గదా!”

ఎక్కుతుంటే ఆయన మాటే నిజమనిపించింది. ఇక్కడ గోడ ఒక గుండు దగ్గర మొదలై మరో గుండు దగ్గర ఆగిపోతుంది. బండ నిలువుగా ఉన్నచోట కట్టుడు లేనే లేదు, బండే గోడ. కాకతీయుల నుంచి ఆసఫ్‌జాహీల దాకా ఎందరు ఏలినా అందరూ గుట్ట చెప్పినట్టే రాళ్లు పేర్చారు.

ఇక్కడి కిల్లేదారు సయ్యద్ కరీముద్దీన్ పేరు మీదే కరీంనగర్ వెలిసిందంటారు. 1905లో జిల్లా కచేరీలు కూడా అక్కడికే తరలిపోయాయి. పేరు పెట్టిన ఊరు ఇప్పుడు పేరు పెట్టించుకున్న ఊరికి ఆదివారం షికారు జాగా. 1754లో జఫరుద్దౌలా కట్టించిన జంట మినార్లలో ఒకదాన్ని ఊపితే రెండోది ఊగుతుందని చెప్తారు. నేను ఊపలేదు. వచ్చిపోయిన ప్రేమికుల పేర్లు మాత్రం గోడల మీద బొగ్గుతో రాసి ఉన్నాయి.

ఖిల్లాను కాపాడటం అనగానే మనకు తోచేవి సున్నం, మెట్లు, లైట్లు. గుట్ట ఎవరికీ తోచదు. కరీంనగర్ చుట్టుపక్కల ఏ దారిన పోయినా సగం కోసిన గుట్టలు జున్నుముక్కల్లా నిలబడి కనిపిస్తాయి. ట్యాన్ బ్రౌన్, మేపుల్ రెడ్ అని ముద్దుపేర్లు పెట్టుకుని అవి లారీలెక్కి, రైలెక్కి, కాకినాడ రేవు దాటి చైనా పోతున్నాయి. ఎలగందుల గుట్ట మిగిలిందంటే నెత్తిన నాలుగు గోడలు ఉండబట్టేనని నా అనుమానం. గోడ లేని గుట్టకు దిక్కెవరు?

దిక్కు ఉన్న గుట్టలూ ఉన్నాయి. మందమర్రి దగ్గర బొక్కలగుట్టలో గాంధారి ఖిల్లా ఉంది. అక్కడికి నాయకపోడులు ఏటా మైసమ్మ జాతరకు వస్తారు. వాళ్లు మొక్కేది రాజులకు కాదు. రామగిరి ఖిల్లాకు వృక్షశాస్త్రం పిల్లలు మందుమొక్కల కోసం వస్తారు. వాళ్లకూ బురుజులతో పనిలేదు. ఈ ఇద్దరికీ తెలిసిన లెక్క మన కాగితాల్లోకి ఎక్కాలి: ఖిల్లా ఉన్నా లేకున్నా గుట్టకు రక్షణ కావాలి, చుట్టూ ఇంత మేర క్వారీ తవ్వొద్దని హద్దురాళ్లు పాతాలి.

దిగేసరికి పదకొండు. పెద్దాయన నీడలో కూర్చుని ఉన్నాడు.

“ఏమన్న కనబడ్డదా సారూ?”

“రాళ్లే.”

“మరి! ఎండపూట మా మేకలు పండేది ఆ రాళ్ల నీడకే” అన్నాడు, కొంచెం జరిగి నాకూ చోటిస్తూ.

— బాటసారి