పడితే ఎవరు లేపుతారు?

ఈ శీర్షిక కింద ఇంతకాలం డిపాజిట్లు, నామినేషన్లు, బంగారం తాకట్లు వగైరాల గురించి రాస్తూ వస్తున్నాను. కిందటి సంచికలో లాకర్ల గురించి రాస్తే ఒక పెద్దాయన పనిగట్టుకుని ఫోను చేసి, "బాగానే ఉంది గాని, ఎప్పుడూ తాళాలూ తాళంచెవులేనా బాబూ?" అన్నారు. ఆయన మాట మన్నించి ఈసారి బ్యాంకు గడప దాటుతున్నాను. గడపే కాదు, తారు రోడ్డు కూడా దాటి బురదలోకి దిగుతున్నాను.

మొన్న కార్తీక వనభోజనాలకు జయపురం, కొరాపుట్, సునాబేడ, రాయగడల నుంచి మనవాళ్ళంతా కొలాబ్ జలాశయం దగ్గర తోటలో కలిశారు. ఆడవాళ్ళు ఉసిరిచెట్టు కింద పూజ ముగించుకుని పిల్లలకు వడ్డిస్తున్నారు. మగవాళ్ళం పులిహోర బరువుతో పనసచెట్టు కింద చతికిలబడ్డాం. మాట ఎక్కడ మొదలైందో గాని, కాసేపటికి ఎవరి బండి గొప్పదన్న దగ్గరికి వచ్చి ఆగింది. ఈ జిల్లాల్లో మగవాళ్ళు నలుగురు చేరితే ఇది తప్పదు. మనకి రోడ్లు ఆలస్యంగా వచ్చాయి, బండ్లు ముందే వచ్చాయి.

మొదలుపెట్టింది మా బావగారు, అంటే మా అక్క భర్త. జయపురంలో కలప వ్యాపారం. ఆయన బుల్లెట్ గురించి మాట్లాడుతుంటే పురాణకాలక్షేపంలాగే ఉంటుంది. "ఇప్పటి కుర్రాళ్ళకి బటను నొక్కడం వచ్చు. స్టార్టు చెయ్యడం వచ్చా?" అన్నారు. పాత బుల్లెట్‌ని కదిలించడం నిజంగానే ఒక విద్య. కిక్కు నెమ్మదిగా నొక్కుతూ ఆంపియర్ మీటరు ముల్లు చూసుకోవాలి. ముల్లు నడిమికి వచ్చాక డీకంప్రెషన్ లివరు పట్టుకుని పిస్టన్ని కాస్త దాటించి, అప్పుడు ఒక్క తన్ను. లెక్క తప్పితే కిక్కు ఎదురు తన్నుతుంది. స్టార్టు అయ్యాక మాత్రం ఆ 346 సీసీల ఇంజను ఎత్తు ఎక్కడంలో ఎడ్లజతే. తొందర లేదు, ఆగడమూ లేదు. "ఇద్దరు మనుషులు, రెండు బస్తాలు. సాలూరు ఘాటీ ఎక్కించాను," అన్నారు బావగారు. కిందటేడు చెప్పినప్పుడు బస్తా ఒకటే.

రాయగడ నుంచి వచ్చిన లెక్కల మాస్టారు ఊరుకోలేదు. ఆయనది రాజ్‌దూత్ 175. పోలెండు దేశపు ఎస్‌హెచ్‌ఎల్ బండి నమూనా మీద మనదేశంలో తయారైంది, 173 సీసీ, టూ స్ట్రోకు. పెట్రోల్లో ఆయిలు కలిపి పోసుకోవాలి. కలపడం ఎక్కువైతే ప్లగ్గుకి మసి పడుతుంది, తక్కువైతే పిస్టన్ పట్టేస్తుంది. మాస్టారు చొక్కా జేబులో పెన్నుతోబాటు ఉప్పుకాగితం ముక్క పెట్టుకునేవారట, ప్లగ్గు రుద్దుకోడానికి. "నా బండి ఆగని రోజు లేదు, నేను బడికి చేరని రోజూ లేదు," అన్నారు. ఈ వాక్యంలో బండిని మెచ్చుకున్నారో తమనే మెచ్చుకున్నారో మీరే తేల్చుకోండి.

సునాబేడ విమానాల ఇంజన్ల కర్మాగారంలో పనిచేసి రిటైరైన ఇంజనీరుగారిది యెజ్డి. 1961లో మైసూరులో జావాగా మొదలై, యెజ్డిగా పేరు మార్చుకుని, 1996లో ఆగిపోయిన బండి. రెండు వైపులా రెండు సైలెన్సర్లు. కిక్కు రాడ్డూ గేరు రాడ్డూ ఒక్కటే. తన్నాక ముందుకి తిప్పితే అదే గేరు. ఈ సంగతి తెలియని దొంగ ఒకడు ఆయన బండిని రాత్రి రెండు ఫర్లాంగులు తోసుకుపోయి, స్టార్టు చెయ్యలేక వదిలేశాడట. "అంతకన్న గొప్ప తాళం మీ బ్యాంకు లాకరుకైనా ఉందా?" అని నా వంక చూశారు.

ఆర్‌ఎక్స్ 100 పేరు ఎత్తినవాళ్ళూ ఉన్నారు. 98 సీసీ, వంద కిలోల చిల్లర బరువు. తారు రోడ్డు మీద దాన్ని మించింది లేదంటే ఒప్పుకుంటాను. రాళ్ళబాటలో మాత్రం దాని కడుపు నేలకి తగులుతుంది. 1996లో ఆగిపోయిన బండి, అప్పటి కొత్త ధరకన్న ఇవాళ పాతదానికే ఎక్కువ అడుగుతున్నారు. బి.కాం. చదివినవాణ్ణి, తరుగుదల అనే పద్దు తెలిసినవాణ్ణి. ఈ బండి దగ్గరే నా చదువు కొరగాకుండా పోతుంది.

నాలుగు చక్రాల దగ్గరకొచ్చేసరికి గొంతులు పెరిగాయి. బావగారికి బుల్లెట్ తరవాత మహీంద్రా ఎంఎం 540 జీపు ఉండేది, ప్యూజో డీజిలు ఇంజనుది. పక్కన కూర్చున్న కంట్రాక్టరుగారిది మారుతీ జిప్సీ. 1985 డిసెంబరులో వచ్చిన మొదటిరకం, 970 సీసీ పెట్రోలు. జిప్సీ తేలిక, జీపు బరువు. బురదలో తేలికది పైపైన దాటిపోతుంది, బరువుది కూరుకుపోతుంది. అయితే డీజిలు ఇంజనుకి నిదానంగా లాగే బలం ఎక్కువ కాబట్టి, కూరుకున్నా పాకుతూ బయటపడుతుంది. ఆ పాత జిప్సీకి నాలుగు చక్రాలూ తిరగాలంటే లోపల లివరు వేస్తే చాలదు. కిందికి దిగి ముందు చక్రాల మీదున్న హబ్బుల్ని చేత్తో తిప్పి కలపాలి. తెలివైనవాడు బురదకి ముందే దిగి తిప్పుకుంటాడు. కంట్రాక్టరుగారు మోకాలిలోతున దిగాక తిప్పేవారని బావగారు నలుగురిలోనూ బయటపెట్టారు. ఆయన కాదనలేదు.

ఇంతసేపూ మా మేనల్లుడు, బావగారి అబ్బాయి, ఫోనులో ఫోటోలు తిప్పుతూ నవ్వుకుంటున్నాడు. వాడిది 2021లో కొన్న హిమాలయన్. 411 సీసీ, ముందు చక్రం 21 అంగుళాలు, నేలకీ ఇంజనుకీ మధ్య 220 మిల్లీమీటర్ల ఖాళీ. దాని మీదే దేవమాలికి పోయొచ్చాడు. ఒడిశాలోకెల్లా ఎత్తైన శిఖరం, 1,672 మీటర్లు. వాడు చెప్పినదాన్ని బట్టి నాకర్థమైంది ఇదీ: మా కాలంలో బండికి ఏ బాటైనా ఒకటే, ఎందుకంటే వేరే బండి లేదు. ఇప్పుడు బాటకొక బండి. చక్రం పెద్దదైతే గుంటలో దిగకుండా దాటుతుంది. స్ప్రింగు ప్రయాణం ఎక్కువైతే రాయి దెబ్బ నడుముకి రాదు. అసలు సిసలు డర్ట్ బైకు అనేది ఇంకా వేరు. దానికి హెడ్‌లైటు ఉండదు, నంబరు ప్లేటు ఉండదు, రోడ్డు మీద నడపకూడదు. ట్రాక్ దాకా వేరే బండి మీద మోసుకుపోవాలి. "బండిని మోసే బండికి కూడా మీరే అప్పిస్తారా మావయ్యా?" అని వాడి వేళాకోళం.

అప్పుడు మా అమ్మాయి వచ్చి కూర్చుంది. తను ఒక కాఫీ కంపెనీలో చేరి ఆర్నెల్లయింది. కొరాపుట్ కొండల్లో కాఫీ వేసుకునే రైతుల తోటలు తిరిగి చూడాలి. ఆ తోటలు రోడ్డు పక్కన ఉండవు. హిమాలయన్ కొనుక్కుంటానని నెల్లాళ్ళుగా అడుగుతోంది, నేను వాయిదా వేస్తున్నాను. వాయిదాలు వెయ్యడం మా వృత్తిలో అలవాటే గాని, సొంత కూతురి దగ్గర చెల్లదు.

అందరి మాటలూ విని అది అడిగింది: "మావయ్యా, మీ బుల్లెట్ ఎప్పుడైనా పడిందా? పడితే మీరొక్కరే లేపారా?"

బావగారు నా వైపు చూశారు. నేను పనసచెట్టు వైపు చూశాను. పడేసింది ఆయన కాదు, నేను.

1997 ఆగస్టు. పొట్టంగి వైపు ఒక బ్రాంచిలో ఫీల్డు ఆఫీసరుగా ఉన్నాను. మేకల యూనిట్లకిచ్చిన అప్పులు తనిఖీ చెయ్యాలి. నా సీడీ 100 రిపేరులో ఉంటే బావగారి బుల్లెట్ అడిగి తీసుకున్నాను. మెయిన్ రోడ్డు, అప్పటి 43వ నంబరు జాతీయ రహదారి, దాటి లోపలికి ఏడెనిమిది కిలోమీటర్లు. వెళ్ళేటప్పుడు ఎండ. మేకల చెవులకున్న బిళ్ళలు లెక్కపెట్టుకుని వచ్చేసరికి వాన. ఎర్రమన్ను తడిస్తే ఎలా ఉంటుందో ఇక్కడివాళ్ళకి చెప్పక్కర్లేదు.

దిగుడులో బండి జారుతోందనిపించి కుడికాలు నొక్కాను. నా సీడీ 100కి బ్రేకు కుడివైపు. పాత బుల్లెట్‌కి కుడివైపు గేరు, బ్రేకు ఎడమవైపు. పొద్దున్నుంచీ గుర్తుపెట్టుకునే నడిపాను గాని, భయం వేసినప్పుడు కాలికి ఉన్న అలవాటే కాలిది. బ్రేకుకి బదులు పై గేరు పడింది. ఇంజను పట్టు తగ్గి బండి ముందుకి ఉరికింది. గాభరాలో ముందు బ్రేకు పిసికేశాను. ముందు చక్రం పక్కకి కొట్టేసింది.

బండి కుడివైపు పడింది, నా కాలు కింద ఉండిపోయింది. సైలెన్సరు పిక్కకి ఆనుకుంది. 160 కిలోలు దాటిన బండిని పడుకున్నవాడు లేపలేడు. కార్బురేటరు నుంచి పెట్రోలు కారుతోంది, ట్యాపు కట్టెయ్యడానికి చెయ్యి అందదు. అరిచాను. వాన శబ్దంలో నా అరుపు నాకే వినపడలేదు. ఎంతసేపో గడియారం చూడలేదు. మా పెళ్ళయి అప్పటికి ఏడాది.

సంత నుంచి తిరిగి వస్తున్న ఇద్దరు ఆడవాళ్ళు నెత్తిమీద బుట్టలు దింపి, బండిని హ్యాండిలూ సీటూ పట్టి ఎత్తారు. నేను జరగగానే మళ్ళీ నెమ్మదిగా దించేశారు. ఒకామె సొరకాయ బుర్రలోని చోడి అంబలి తాగమని ఇచ్చింది. తమలో తాము ఏదో అనుకుని నవ్వుకుని వెళ్ళిపోయారు. నాకా భాష రాదు. వాళ్ళ పేర్లు అడగాలన్న ధ్యాస కూడా రాలేదు. మేకల పేరున అప్పు తీసుకున్నవాళ్ళ పేర్లు మాత్రం సంచీలో భద్రంగా ఉన్నాయి.

ఇంట్లో సైలెన్సరు తగిలి కాలిందని చెప్పాను. అబద్ధం కాదు, పూర్తి నిజమూ కాదు. ఇరవై ఏళ్ళు దాటిపోయాయి. వనభోజనాల దగ్గర నేనిది చెబుతుంటే మా ఆవిడ అరటాకుల కట్టతో వెనకాలే నిలబడి వింది. "ఆ మచ్చకి ఎన్ని సీసాల కొబ్బరినూనె రాశానూ," అని మాత్రం అంది. ఆ పూట నాతో మరి మాట్లాడలేదు.

తరవాతి ఆదివారం బావగారి పెరట్లో గడ్డి పరిచి పరీక్ష పెట్టాం. మేనల్లుడి హిమాలయన్ ఒకటి. వాడి స్నేహితుడి హీరో ఎక్స్‌పల్స్ 200 ఇంకొకటి. మొదటిది 200 కిలోలకి ఒకటి తక్కువ. రెండోది 160 లోపు. నేలకీ ఇంజనుకీ మధ్య ఖాళీ మాత్రం రెండింటికీ 220 మిల్లీమీటర్లే. రెంటినీ పడుకోబెట్టి, అమ్మాయిని లేపమన్నాం. పద్ధతి మేనల్లుడు చూపించాడు, మీ ఇళ్ళలో బండి నడిపే పిల్లలకి పనికొస్తుందని రాస్తున్నాను. ముందు ఇంజను కట్టెయ్యాలి. బండి దొర్లకుండా గేరులో ఉంచాలి. కుడివైపు పడితే సైడు స్టాండు ముందే తీసిపెట్టుకోవాలి, లేకపోతే లేచిన బండి ఆ ఊపులో అవతలికి పడుతుంది. బండికి ఎదురుగా వంగి లాగకూడదు, నడుము పోతుంది. సీటుకి వీపు ఆనించి గొంతుక్కూర్చుని, ఒక చేత్తో హ్యాండిలు, ఒక చేత్తో వెనక కడ్డీ పట్టుకుని, కాళ్ళబలంతో చిన్న చిన్న అడుగులు వెనక్కి వేస్తూ లేవాలి.

హిమాలయన్ మూడుసార్లూ సగంలో ఆగింది. ఎక్స్‌పల్స్ రెండోసారికి లేచి నిలబడింది. అమ్మాయి ముఖం ఎర్రబడింది, ఏమీ అనలేదు. హిమాలయన్ మీద దానికున్న మోజు నాకు తెలుసు. మేనల్లుడు ఊరుకోక, "మరి హైవే మీద ఎనభైలో పోతే నా బండే సుఖం కదా మావయ్యా," అన్నాడు. నిజమే. సాలూరు మీదుగా విజయనగరం పోయి రావడానికైతే ఆ బరువే మంచిది, గాలికి ఊగదు. కాఫీ తోటలకి హైవే లేదు.

బ్యాంకు మనిషిగా ఒక ముక్క. బండి ఇన్సూరెన్సు పాలసీలో "లిమిటేషన్స్ యాజ్ టు యూజ్" అని ఒక పేరా ఉంటుంది. పందేలు, వేగ పరీక్షలు, రిలయబిలిటీ ట్రయల్స్ అనేవాటికి బండి వాడితే పాలసీ వర్తించదని అందులో రాసి ఉంటుంది. పనిమీద కొండ ఎక్కడం వేరు, క్లబ్బువాళ్ళు పెట్టే పోటీలో ఎక్కడం వేరు. కుర్రాళ్ళు సంతకం పెట్టేముందు ఆ పేరా చదవాలి. మా మేనల్లుడు చదవలేదని ఆ రోజే బయటపడింది.

ఎక్స్‌పల్స్‌కి అప్పు కాగితాల మీద పూచీకత్తు సంతకం నేనే పెట్టాను. కానీ పెరట్లో పరీక్ష అయ్యాక ఇంకొకటి జరిగింది. అమ్మాయి తను లేపిన బండిని తనే మళ్ళీ గడ్డి మీద పడుకోబెట్టి, "ఇప్పుడు మీరు లేపండి నాన్నా," అంది. బావగారు, మేనల్లుడు, వాడి స్నేహితుడు చూస్తున్నారు. వీపు ఆనించి గొంతుక్కూర్చున్నాను. సగం దాకా వచ్చింది. అక్కడ మోకాళ్ళు ఒప్పుకోలేదు. వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తున్న మా ఆవిడ చెంగు నడుముకి చుట్టుకుని వచ్చి, రెండో చివర పట్టుకుంది.