పుస్తకంలో హీరో బొమ్మ.. ఇంట్లో పెళ్లి మాట

తొమ్మిదో తరగతి చదివే ఆడపిల్ల లెక్కల నోటుపుస్తకంలో సినిమా హీరో బొమ్మ దొరికితే పల్లెల్లో చాలా ఇళ్లలో జరిగే రభస అంతా ఇంతా కాదు. తల్లి నెత్తి కొట్టుకుంటుంది. తండ్రి రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడడు. నాయనమ్మ "ఈడొచ్చిన పిల్లకు ఇంకా బడేమిట్రా" అని కొడుకును నిలదీస్తుంది. పిల్ల నిద్రలో ఆ హీరో పేరు కలవరించిందా, ఇక చెప్పనక్కర్లేదు. గాలి సోకిందని తాయెత్తు కట్టించేవారు కొందరు, పరీక్షలు కాగానే సంబంధం చూడమని చుట్టాలకు కబురు పెట్టేవారు మరికొందరు.

అదే ఇంట్లో కొడుకు సంగతి వేరు. గోడ నిండా హీరోయిన్ల బొమ్మలు అంటించుకున్నా, సినిమా విడుదలైన రోజు కాలేజీ ఎగ్గొట్టి కటౌటుకు పాలాభిషేకం చేసినా, సెంటర్లో ఫ్లెక్సీ కట్టి అందులో తన ఫొటో కూడా వేయించుకున్నా "కుర్రతనం, వాడే సర్దుకుంటాడు" అని పెద్దలు నవ్వేసి ఊరుకుంటారు. ఫ్లెక్సీకి చందా కూడా ఇస్తారు. వయసు ఒకటే, మోజు ఒకటే. ఒకరికి నవ్వు, మరొకరికి శిక్ష. ఈ తేడా ఎందుకో పెద్దలు ఒక్కసారి ఆలోచించుకోవాలి.

ప్రమాదం ఎక్కడుంది?

2020 సెప్టెంబరులో చిత్తూరు జిల్లా శాంతిపురం మండలంలో అభిమాన నటుడి పుట్టినరోజుకు బ్యానరు కడుతూ ముగ్గురు యువకులు కరెంటు షాక్‌తో చనిపోయారు. 2024 డిసెంబరు 4న హైదరాబాదు ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లోని సంధ్య థియేటర్ దగ్గర ప్రీమియర్ షోకు వచ్చిన జనం తొక్కిసలాటలో ఒక తల్లి ప్రాణం పోయింది, ఆమె కొడుకు తీవ్రంగా గాయపడ్డాడు. వీధిలోకి వచ్చి గుంపుగా మారిన అభిమానం తెచ్చిన నష్టాలివి. నోటుపుస్తకంలో దాచుకున్న బొమ్మకు కరెంటు తీగ తగలదు. అయినా ఊళ్లో పెద్దల కళ్లు ఫ్లెక్సీ మీద కాక నోటుపుస్తకం మీదే పడుతున్నాయి.

ఆ పిల్లకు అసలు ప్రమాదం బొమ్మ వల్ల కాదు, దాన్ని చూసి పెద్దలు తీసుకునే తొందరపాటు నిర్ణయం వల్ల. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 20 నుంచి 24 ఏళ్ల మధ్య వయసున్న స్త్రీలలో 29.3 శాతం మందికి 18 ఏళ్లు నిండకముందే పెళ్లయింది. తెలంగాణలో ఇది 23.5 శాతం. దేశం మొత్తం మీద సగటు 23.3. అంటే ఆంధ్రలో ప్రతి పదిమందిలో దాదాపు ముగ్గురు. వీటన్నిటికీ సినిమా మోజే కారణమని ఎవరూ అనరు. పేదరికం, కట్నాల భయం, ఊళ్లో పై చదువు లేకపోవడం, పరువు పేరుతో పట్టుకునే గుబులు, ఇలా కారణాలు చాలా ఉన్నాయి. ఈ చివరి గుబులుకు పుస్తకంలో దొరికిన బొమ్మ ఒక సాకు అవుతోంది. అదే బాధ.

తాతల నాటి మోజే

ఈ మోజు ఇవాళ సెల్‌ఫోన్లతో వచ్చిందేమీ కాదు. ఇప్పుడు మనవరాలిని కసిరే నాయనమ్మలు తమ వయసులో బండి కట్టించుకుని టూరింగ్ టాకీసుకు వెళ్లినవారే. 1953లో 'దేవదాసు' చూసి ఏడ్చినవారున్నారు. 1957లో 'మాయాబజార్' వచ్చాక కృష్ణుడి వేషంలోని రామారావు బొమ్మ క్యాలెండర్లలోకి ఎక్కి, ఎన్నో ఇళ్లలో దేవుడి గూటికి చేరింది. తిరుపతి వెళ్లిన యాత్రికులు అటునుంచి మద్రాసు వెళ్లి ఆయన ఇంటి ముందు నిలబడి దర్శనం చేసుకుని వచ్చేవారు. శోభన్‌బాబు, కృష్ణల కాలానికి 'విజయచిత్ర', 'సితార' పత్రికల్లోని రంగుల బొమ్మలు చింపి ట్రంకు పెట్టె మూతకు లోపల అంటించుకున్న ఆడపిల్లలు ఎందరో. వారంతా సంసారాలు చేశారు, పిల్లల్ని కన్నారు, పొలాలు చూసుకున్నారు. ఎవరి జీవితమూ ఆ బొమ్మ వల్ల చెడిపోలేదు.

ఇంకో సంగతి. ఆ తారలంతా ఆకాశం నుంచి ఊడిపడ్డవారు కారు. కృష్ణది తెనాలి పక్కన బుర్రిపాలెం. సావిత్రిది తాడేపల్లి దగ్గర చిర్రావూరు. జమున పెరిగింది దుగ్గిరాలలో. రామారావుది నిమ్మకూరు. వీరంతా కాలువ గట్ల మీద తిరిగిన పల్లె పిల్లలే. సావిత్రికి 1950 నాటి 'సంసారం'లో ముందు కథానాయిక వేషం ఇచ్చి, తర్వాత చిన్న పాత్రతో సరిపెట్టారు. మూడేళ్లు తిరిగేసరికి ఆమే 'దేవదాసు'లో పార్వతి. అంత దూరం కలగన్న పిల్లలు ఇక్కడే పుట్టారు గనక, కలగనే పిల్లను చూసి ఇక్కడివారు భయపడవలసిన పనిలేదు.

కల చెప్పేదేమిటి?

తెల్లవారుజామున వచ్చిన కల నిజమవుతుందని పల్లెల్లో గట్టి నమ్మకం. బస్టాండులో అమ్మే స్వప్నఫలాల పుస్తకంలో పాము కనిపిస్తే ఒక ఫలం, పళ్లు ఊడితే ఒక ఫలం రాసి ఉంటాయి. సినిమా హీరో కనిపిస్తే ఏ ఫలమో అందులో ఉండదు. అందుకని ఎవరికి తోచిన అర్థం వారు చెబుతారు. హీరోతో బస్సెక్కినట్టు కలవచ్చిందని పిల్ల స్నేహితురాలితో చెప్పుకుంటే, ఇంటికి చేరేసరికి ఆ మాట పిల్ల ఎవరితోనో లేచిపోవాలని చూస్తోందన్నట్టు మారుతుంది.

పాత వైద్యులు ఇంతకంటే నిదానంగా ఆలోచించారు. చరక సంహిత కలలను ఏడు రకాలుగా చెప్పింది. కళ్లతో చూసినవి, చెవితో విన్నవి, అనుభవించినవి, కోరుకున్నవి, ఊహించుకున్నవి, జరగబోయేదాన్ని సూచించేవి, ఒంట్లో దోషం వల్ల వచ్చేవి. ఇందులో మొదటి ఐదింటికీ ఫలం లేదని వైద్యుడు గ్రహించాలని అందులోనే ఉంది. రాత్రి పడుకునే ముందు పాట చూసి, పగలంతా ఆ హీరో మాటలు విని, అతన్ని ఒక్కసారి చూడాలని కోరుకున్న పిల్లకు వచ్చే కల ఈ ఐదింటి లోపలిదే. శాస్త్రం మీద నమ్మకం ఉన్నవారు ఈ ముక్క కూడా నమ్మాలి.

ఇక ఈనాటి విజ్ఞానం. వియన్నా వైద్యుడు ఫ్రాయిడ్ 1900 సంవత్సరం పేరుతో వెలువడిన పుస్తకంలో, లోపల అణచుకున్న కోరికలే మారువేషంలో కలలుగా వస్తాయన్నాడు. నిద్రలో మెదడులో తనంతట తాను పుట్టే అలజడిని మనసు కథగా అల్లుకుంటుందని 1977లో హాబ్సన్, మెకార్లీ అనే అమెరికా శాస్త్రవేత్తలు వాదించారు. ఈ తగవు ఇంకా పూర్తిగా తేలలేదు. తేలిన సంగతి వేరొకటుంది. 1953లో షికాగో విశ్వవిద్యాలయంలో అసెరిన్‌స్కీ, క్లైట్‌మన్ అనే ఇద్దరు పరిశోధకులు, నిద్రలో కొంతసేపు కనుగుడ్లు రెప్పల కింద చకచకా కదులుతాయనీ, అప్పుడు లేపితే ఎక్కువమంది కల వచ్చిందని చెబుతారనీ బయటపెట్టారు. ఈ రకం నిద్ర సుమారు గంటన్నరకోసారి వస్తుంది. తెల్లవారే కొద్దీ దాని నిడివి పెరుగుతుంది. తెల్లవారుజాము కలలు పొడుగ్గా ఉండటానికీ, వెంటనే మెలకువ రావడంతో బాగా గుర్తుండటానికీ కారణం ఇదే. గుర్తుండటం వేరు, నిజం కావడం వేరు. పైన చెప్పినవారిలో ఒక్కరైనా, హీరో కలలోకి వస్తే పిల్ల దారి తప్పినట్టేనని అనలేదు.

వయసు చేసే పని

పదమూడు, పద్నాలుగేళ్లకు మనసులో ప్రేమ అనేదొకటి ఉందని పిల్లలకు తెలుస్తుంది. ఎవరి మీద చూపించాలో తెలియదు. పక్కవాడి మీద చూపిస్తే భయం, హీరో మీద చూపిస్తే భయం లేదు. అతను తిరిగి చూడడు, ఉత్తరం రాయడు, చెయ్యి పట్టుకోడు. ఈత రానివాడు ముందు కాలువ ఒడ్డున మోకాలి లోతు నీళ్లలో కాళ్లాడించినట్టే ఇది. ఇలా ఒకవైపు నుంచే సాగే చనువును 1956లోనే హార్టన్, వోల్ అనే అమెరికన్ పరిశోధకులు గుర్తించి దానికొక పేరు కూడా పెట్టారు. రేడియోలో, టీవీలో రోజూ కనిపించి వినిపించే మనిషి మన ఇంటి మనిషే అనిపించడం మామూలేనని చెప్పారు.

పిల్ల కోరుకునేది చాలాసార్లు ఆ మనిషిని కూడా కాదు. ఆ హీరో తిరిగే ఊళ్లు, వేసుకునే బట్టలు, ఎవరికీ జంకకుండా మాట్లాడే తీరు. తాను గడప దాటితే నలుగురూ చూస్తారని భయపడే పిల్ల, కలలో హీరోతో బస్సెక్కిందంటే, ఆమె మనసు బస్సు మీద ఉందేమో ఎవరైనా అడిగారా? పట్నంలో చదవాలని ఉందేమో? ఆ మాట పైకి అనలేకపోతోందేమో?

చిత్రలేఖ చేసిన పని

ఈ కథ పురాణాల్లోనే ఉంది. బాణాసురుడి కూతురు ఉషకు ఎన్నడూ చూడని ఒక రాకుమారుడు కలలోకి వచ్చాడు. లేచాక బెంగపెట్టుకుంది. చెలికత్తె చిత్రలేఖ నవ్వలేదు, తిట్టలేదు, రాజుగారికి చాడీ చెప్పలేదు. ఎవరో చెప్పమని అడిగి, ఒక్కొక్కరి బొమ్మే గీసి చూపించింది. అనిరుద్ధుడి బొమ్మ చూశాక గానీ ఉష గుట్టు విప్పలేదు. భాగవతంలోని ఈ కథే కూచిపూడి వారి 'ఉషాపరిణయం'. ఊళ్లలో తెల్లవార్లూ కూర్చుని చూసి మెచ్చుకున్న కథ. తర్వాత చిత్రలేఖ రాకుమారుణ్ణి మాయతో ఎత్తుకొచ్చిన సంగతి పురాణానికి వదిలేద్దాం. కత్తి పట్టుకుని మీదకు దూకిన తండ్రి బాణుడు కృష్ణుడితో యుద్ధం తెచ్చుకుని వెయ్యి చేతుల్లో నాలుగు మాత్రం మిగుల్చుకున్నాడు. ముందు కూర్చుని అడిగిన మనిషికే పిల్ల మనసు తెలిసింది. మెచ్చుకున్న కథలోని నీతి సొంత ఇంట్లో పనికిరాకుండా పోవడం విచారకరం.

ఎప్పుడు పట్టించుకోవాలి?

ప్రతి మోజునూ నవ్వి వదిలేయమని కాదు. తిండి మానేసినా, వారాల తరబడి నిద్రలేకున్నా, చదువు పూర్తిగా దిగజారినా, హీరో తనకే సైగలు చేస్తున్నాడని గట్టిగా నమ్మినా, ప్రాణం తీసుకుంటానన్నా అది వయసు మోజు కాదు. తాయెత్తుతో పోయేదీ కాదు. మానసిక వైద్యుడికి చూపించాలి. 2022లో మొదలైన టెలి మానస్ 14416 నంబరుకు ఫోను చేస్తే ఉచితంగా సలహా చెబుతారు, మాట్లాడేది తెలుగులోనే.

ఫోను విషయంలో మాత్రం వెనకటి తరం కంటే ఇప్పుడు జాగ్రత్త ఎక్కువ కావాలి. ట్రంకు పెట్టెలోని బొమ్మ తిరిగి మాట్లాడేది కాదు. ఇవాళ హీరో పేరుతో దొంగ ఖాతా తెరిచి "నీతో మాట్లాడాలని ఉంది, ఫొటో పంపు, డబ్బు పంపు" అనేవారు తయారయ్యారు. సినిమాలో వేషమిప్పిస్తామని ఊరు దాటించే ముఠాలూ ఉన్నాయి. కొడతారన్న భయమున్న పిల్ల ఇలాంటి మెసేజి వస్తే ఇంట్లో చెప్పదు. మోసగాడికి కావలసిందీ అదే. డబ్బు పోతే వెంటనే సైబర్ నేరాల నంబరు 1930కి చెప్పాలి. ఆ వయసుకు రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని వైద్యులు చెబుతున్నారు. రాత్రి ఫోను పిల్లల మంచం దగ్గర కాక నడవాలో పెట్టే అలవాటు ఇంటిల్లిపాదికీ ఉండాలి. తండ్రి ఫోను తలకింద పెట్టుకుని పిల్లను వద్దంటే వినదు.

ఊరు చేయవలసింది

బొమ్మ దొరికిన రోజు తల్లి చేయవలసింది చిన్న పని. దాన్ని చింపకుండా "ఈయనలో నీకేం నచ్చిందే?" అని అడగాలి. తాను ఆ వయసులో ఎవరి బొమ్మ దాచుకుందో చెబితే ఇంకా మంచిది. తండ్రి కొడుకు ఫ్లెక్సీకి ఇచ్చే చందాను కూతురి బస్సు పాసుకు ఇవ్వాలి. హైస్కూళ్లలో టీచర్లు పుస్తకంలో బొమ్మ దొరికితే పదిమంది ముందు చదివి వినిపించి నవ్వించడం మానాలి. ఆ నవ్వు సాయంత్రానికి ఊళ్లోకి చేరుతుంది, మర్నాడు పిల్ల బడికి రాదు.

ఎక్కడైనా 18 నిండని పిల్లకు సంబంధం కుదిరిందని తెలిస్తే 1098కి చెప్పడం చాడీ కాదు. 2006 చట్టం ప్రకారం అలాంటి పెళ్లి జరిపించినవారికి, ప్రోత్సహించినవారికి రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా పడవచ్చు. పరువు కోసం చేసిన పెళ్లి పోలీసు స్టేషను మెట్లెక్కిస్తే ఆ పరువూ మిగలదు.

హీరోలు మారతారు. ఈ ఏడాది బొమ్మ వచ్చే ఏడాదికి పాతబడుతుంది, పిల్లే తీసి పొయ్యిలో వేస్తుంది. మధ్యలో ఆగిన చదువు మాత్రం అంత తేలిగ్గా మళ్లీ మొదలు కాదు.