సూత్రం నోటికి వస్తే చాలదు



ఇంటర్ లెక్కల్లో సదిశల పాఠం మొదలైందంటే మన స్టడీ అవర్‌లో "ఎ క్రాస్ బి" వల్లె వేయడమే వినిపిస్తుంది. మేమూ అలాగే వల్లె వేశాం. పరీక్షలో జె దగ్గర మైనస్ మరచి మార్కులు పోగొట్టుకున్నాం. లెక్కలు మన వల్ల కావని అప్పుడు అనుకున్నాం. అది తప్పని ఇప్పుడు చెప్పదలచుకున్నాం.

లోపలి అర తీసేసిన అగ్గిపెట్టెను చేతిలోకి తీసుకోండి. దాని నోరు దీర్ఘచతురస్రం. పక్కకు నొక్కితే భుజాల పొడవు మారదు, నోటి వైశాల్యం మాత్రం తగ్గుతుంది. పూర్తిగా అణిగితే సున్నా. రెండు భుజాలను రెండు సదిశలనుకుంటే ఆ వైశాల్యమే సదిశా లబ్ధం పరిమాణం. సూత్రంలోని సైన్ తీటా చెప్పేది ఇదే: 90 డిగ్రీల దగ్గర ఎక్కువ, సమాంతరమైతే సున్నా.

ఇక దిశ. కుడిచేతి నాలుగు వేళ్లను ఎ నుంచి బి వైపు ముడవండి. బొటనవేలు చూపేదే లబ్ధం దిశ. సీసా మూతను ఒకవైపు తిప్పితే పైకి వస్తుంది, రెండోవైపు తిప్పితే కిందికి దిగుతుంది. అందుకే బి క్రాస్ ఎ అంటే గుర్తు మారుతుంది.

ఇప్పుడు లెక్క. ఎ = ఐ + 2జె + 3కె, బి = 2ఐ + జె + కె అనుకుందాం.

ఐ గుణకం: 2×1 − 3×1 = −1
జె గుణకం: −(1×1 − 3×2) = 5
కె గుణకం: 1×1 − 2×2 = −3

జవాబు −ఐ + 5జె − 3కె. ఇక్కడితో పుస్తకం మూయకండి. సదిశా లబ్ధం రెండు సదిశలకూ లంబంగా ఉండాలి కాబట్టి బిందు లబ్ధం సున్నా రావాలి. ఎ తో: −1 + 10 − 9 = 0. బి తో: −2 + 5 − 3 = 0. జె దగ్గర మైనస్ మరచి −5 వేస్తే ఎ తో −20 వస్తుంది, తప్పు వెంటనే దొరుకుతుంది. ఎ, బి ల వరుస తారుమారైతే మాత్రం ఈ పరీక్ష పట్టుకోలేదు, అక్కడ కుడిచేయే దిక్కు.

మా అభిప్రాయంలో ఈ పాఠంలో అన్నిటికన్నా విలువైనది ఈ సరిచూసుకోవడమే. మనలో చాలామందికి ఇంట్లో లెక్క దిద్దేవారు లేరు, ట్యూషన్‌కు డబ్బుల్లేవు. తప్పో ఒప్పో తానే తేల్చుకోగలిగినవాడికి ఆ లోటు సగం తీరినట్టే.

అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో పాఠం చెప్పిన గిబ్స్ ఈ సదిశల గణితాన్ని 1881లో తన విద్యార్థుల కోసం నోట్సుగా అచ్చువేయించారు. బజారులో అమ్మడానికి కాదు, క్లాసులో కూర్చున్నవాళ్లకు అర్థం కావాలని. మన సీనియర్లూ, పూర్వ విద్యార్థులూ అంతపని చేయనక్కరలేదు. సెలవురోజున ఒక గంట తమ్ముళ్ల పక్కన కూర్చుని ఒక్క లెక్క చేయించి, సరిచూడటం నేర్పితే చాలు. మాకు అది ఆలస్యంగా తెలిసింది. వాళ్లకు ముందే తెలియాలి.